"ఊరికే జోక్ చేశా బ్రో"

ఈ రోజు టాపిక్ మీ ఫోన్‌లోనే ఉంది. కాలేజీ గ్రూపు, జాబ్ నోటిఫికేషన్ల గ్రూపు, సినిమా ఫ్యాన్స్ గ్రూపు... ఎక్కడైనా ఎప్పుడో ఒకప్పుడు ఇదే గొడవ. ఒకరు "ఇదేమన్నా చిన్నపిల్లల ఆటా?" అంటారు. ఇంకొకరు "నవ్వితే కూడా తప్పేనా బ్రో?" అంటారు. చివరికి ఎవరో ఒకరు లెఫ్ట్ అయిపోతారు.

ఈ గొడవ వాట్సాప్‌తో పుట్టింది కాదు. 1982 సెప్టెంబరు, అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో కార్నెగీ మెలన్ యూనివర్సిటీ. అక్కడి కంప్యూటర్ సైన్స్ వాళ్ళకి ఒక ఆన్‌లైన్ బులెటిన్ బోర్డు ఉండేది. మన గ్రూపులకి అది తాత లాంటిది. అందులో ఒకరు ఫిజిక్స్ పజిల్ పెట్టారు. లిఫ్టులో వెలుగుతున్న కొవ్వొత్తి, నేల మీద పాదరసం చుక్క ఉన్నాయి. తీగ తెగి లిఫ్టు పడిపోతుంటే వాటికి ఏమవుతుంది? ఇంకొకాయన సరదాకి దాన్నే "హెచ్చరిక"గా మార్చేశారు. ప్రయోగం వల్ల ఒక లిఫ్టులో పాదరసం పడింది, కొంచెం కాలింది కూడా అని. ముందు నడిచిన చర్చ చూడనివాళ్ళకి అది నిజం హెచ్చరికలాగే కనిపించింది!

అప్పుడు వాళ్ళు ఏం చేశారో చూడండి. జోకులు బంద్ చెయ్యలేదు. నమ్మినవాళ్ళని "మీకు కామెడీ అర్థం కాదు" అని ఎగతాళి చెయ్యలేదు. జోక్‌కి ఏ గుర్తు పెడదామా అని చర్చించుకున్నారు. సెప్టెంబరు 19న స్కాట్ ఫాల్‌మన్ అనే ఆయన ఒక ఐడియా ఇచ్చారు. కోలన్, హైఫన్, బ్రాకెట్ పక్కపక్కన పెట్టి, తల వంచి చూస్తే నవ్వు ముఖం. మనం రోజూ కొట్టే స్మైలీకి మూలం అదే.

ఇక్కడ నాకు నచ్చిన పాయింట్ ఒకటుంది. ఆ గుర్తు పెట్టే బాధ్యత జోక్ వేసినవాడిది, అదీ జోక్‌తో పాటే. మన దగ్గర ఉల్టా. ముందు అనేస్తాం, అవతలివాళ్ళు బాధపడ్డాక "ఊరికే జోక్ చేశా" అంటాం. అప్పటికి అది జోక్ కాదు, తప్పించుకునే దారి.

అలాగని స్మైలీ పెడితే అన్నీ సర్దుకోవు. ఊరి నుంచి, ఇంట్లో మొదటిసారి డిగ్రీ దాకా వచ్చిన అమ్మాయి గ్రూపులో అడిగిందనుకోండి, "అన్నా, హాల్ టికెట్ ఎక్కడ డౌన్‌లోడ్ చేసుకోవాలి?" అని. వరసగా పది బ్రహ్మానందం స్టిక్కర్లు పడ్డాయి. బ్రహ్మానందం గారి ముఖం లేకుండా తెలుగువాళ్ళకి చాటింగ్ లేదు, నాకూ ఇష్టమే. కానీ ఆ అమ్మాయి మళ్ళీ ఏమీ అడగదు. అదే డౌట్ ఉన్న ఇంకో నలుగురు కూడా అది చూసి నోరు మూసుకుంటారు. మన నవ్వు పది సెకన్లు. వాళ్ళకి పోయేది ఒక పరీక్ష కావచ్చు.

టీ కొట్టు దగ్గర నలుగురు ఫ్రెండ్స్ ఆటపట్టించుకుంటే ముఖాలు కనిపిస్తాయి. ఎక్కువైందనిపిస్తే అక్కడే ఆపుతాం. వందల మంది ఉన్న గ్రూపులో ఆ ముఖం కనపడదు.

అటువైపు వాళ్ళకీ ఒక మాట. ప్రతి సరదాకీ "చిల్లర, పిల్లచేష్టలు" అని ముద్ర వేస్తే గ్రూపు నోటీసు బోర్డు అయిపోతుంది. విసిగిపోయి అడ్మిన్లే మెసేజ్ పెట్టేలా సెట్టింగ్ మార్చితే గోల ఆగుతుంది. దాంతో పాటే డౌట్లూ ఆగిపోతాయి.

నేను అడిగేది చిన్నదే. ముందు ఆన్సర్, తర్వాత మీమ్. జోక్ విషయం మీద వెయ్యండి, అడిగిన మనిషి మీద వద్దు. ఎవరైనా బాధపడ్డామంటే వాదించకండి, సారీ చెప్పండి.

మీ గ్రూపులో ఇలాంటి గొడవ ఎలా తీరిందో కామెంట్స్‌లో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను!