రాళ్లు చెప్పు రణకథ

ఉత్తరాంధ్రమున పర్యటించువారు బొబ్బిలిలో ఒక యుద్ధస్మారక స్తంభమును చూతురు. విజయనగరమునకు దక్షిణమున, అనంత పద్మనాభస్వామి కొండ చెంతనున్న పద్మనాభ గ్రామమున ఒక ప్రభువు సమాధిని చూతురు. ఒకదానిని చూచినవారు రెండవదానిని తలచుట అరుదు. ఈ రెండింటి నడుమ పిఠాపురమునకు సమీపమందలి చందుర్తి యుద్ధభూమిని చేర్చి వరుసగా చదివినచో, మూడును ఒకే కథలోని మూడు ఘట్టములని తెలియును.

మొదటి ఘట్టము బొబ్బిలి. నాడు ఉత్తర సర్కారులు ఫ్రెంచివారి అధీనమున నుండెను. విజయనగర ప్రభువు పెద విజయరామరాజునకును, బొబ్బిలి ప్రభువు రంగారావునకును ఇరుగుపొరుగు వైరము చిరకాలముగా కలదు. వాగుల నీటిని మళ్లించుకొనుట ఆ వైరమునకొక కారణమని నాటి చరిత్రకారుడు ఆర్మ్ వ్రాసెను. పొలములకు పాఱవలసిన నీటి తగవు ఫిరంగుల వఱకు పోయినది. విజయరామరాజు ఫ్రెంచి సేనాని బుస్సీ సాయము కోరెను. 1757 జనవరి 24వ తేదీన బొబ్బిలి మట్టికోటను ముట్టడించిరి. కోట నిలువదని తెలిసినప్పుడు లోపలి స్త్రీలును బిడ్డలును శత్రువుల చేత చిక్కరాదని తమవారి చేతులలోనే ప్రాణములు విడిచిరి. రంగారావు పోరాడుచు కూలెను. ఆయన పసికుమారుడు మాత్రము బ్రతికి బయటపడెను. మూడవనాటి రాత్రి తాండ్ర పాపారాయుడు గుడారమున ప్రవేశించి విజయరామరాజును పొడిచి చంపెను. గెలిచినవాడు గెలుపును మూడునాళ్లయినను అనుభవింపలేదు.

రెండవ ఘట్టము చందుర్తి. విజయరామరాజునకు వారసుడైన ఆనందరాజు ఫ్రెంచివారియెడ విముఖుడై, 1758లో విశాఖపట్టణమును వారినుండి పట్టుకొని, ఇంగ్లీషువారికి కబురు పంపెను. వంగదేశమునుండి క్లైవు కర్నల్ ఫోర్డును సేనతో పంపెను. ఆ డిసెంబరు నెలలో చందుర్తియొద్ద ఫ్రెంచివారు ఓడిరి. మఱుసటి యేడు మచిలీపట్టణమును పోగొట్టుకొనిరి. 1765లో మొగలు చక్రవర్తి ఫర్మానాతో ఉత్తర సర్కారులపై హక్కు కుంఫిణీకి సంక్రమించెను.

మూడవ ఘట్టము పద్మనాభము. పిలిచి తెచ్చుకొన్న చుట్టము ఇంటి యజమాని యైనాడు. పేష్కషు బకాయి పడినదని కుంఫిణీవారు విజయనగర సంస్థానమును స్వాధీనపఱచుకొని, చిన విజయరామరాజును సంస్థానము విడిచి పొమ్మని ఆజ్ఞాపించిరి. ఆయన పోక, తనవారితో పద్మనాభమున విడిసెను. 1794 జూలై 10వ తేదీన కర్నల్ ప్రెండర్‌గాస్టు సిపాయీలతో వచ్చి పడెను. పోరు గంటసేపైనను సాగలేదు. ప్రభువును, ఆయనను విడువని అనేక ముఖ్యులును అచ్చటనే నేలకొరగిరి.

బొబ్బిలి పోరునకును పద్మనాభపు పోరునకును నడుమ గడచినది ముప్పదియేడు సంవత్సరములు. పొరుగువానిని అణచుటకు పరాయి ఫిరంగిని పిలిచిన వంశము, అంతలోనే మఱియొక పరాయివాని ఫిరంగి కెదురుగా నిలువవలసి వచ్చెను. నాడు ఎదురెదురుగా నిలిచిన రెండు వంశములవారి వీరత్వమును ఒకేచోట నిలిపి చూచినప్పుడు, వారిని ఓడించినది ఒకరి నొకరు నమ్మకపోవుటయే అని తోచును.

మఱియొక మాట. స్మారకములపై ప్రభువుల పేర్లు నిలుచును. కోటలో సమసిన స్త్రీలకును, కూలిన పదాతులకును, ఇరుపక్షముల సిపాయీలకును అట్టి గుర్తు లేదు. వారి జ్ఞాపకము జంగము కథలలోను, వృద్ధుల నోటను మిగిలినది. కావున మీ యూరి చెంత నిట్టి రాయి యుండినచో, దాని చుట్టునున్న ముండ్లపొదలను తొలగింపుడు. దానిని గూర్చి పెద్దలు చెప్పుకొనునది అడిగి వ్రాసి యుంచుడు. పిల్లలను అచ్చటికి తీసికొనిపోయి, ఎవరు గెలిచిరో చెప్పుటతో ఆగక, ఎందుకు పోరాడవలసి వచ్చెనో కూడ చెప్పుడు.