పాత యంత్రమునకు కొత్త తెర

1984లో ఆరంభమైన ‘క్లాస్’ పథకము మన పాఠశాలలకు బి.బి.సి. మైక్రో కంప్యూటర్లను తెచ్చినది. అట్టి యంత్రమొకటి, నాటి విద్యార్థులు వ్రాసిన ప్రోగ్రాముల క్యాసెట్లతో సహా, మాకు లభించినది. తగిన తీగ చేయించి కొత్త మానిటరుకు కలిపితిమి. తెర చీకటిగనే ఉండెను.

దోషము యంత్రమున లేదు. అది సెకనుకు 15,625 గీతలు పంపును. 1987లో వచ్చిన వి.జి.ఏ. పద్ధతిలో వాటి సంఖ్య సుమారు 31,500. అంతకు చాల తక్కువైన వేగమును నేటి మానిటర్లు పెక్కు గుర్తింపవు.

కావున కొనబోవువారు తీగ కుదురునా అని మాత్రమే చూడరాదు. వివరపత్రములో అడ్డుగీతల వేగము 15 కిలోహెర్ట్జులనుండి మొదలగుచున్నదా అని చూడవలెను. కానిచో గీతలను రెట్టించు పరికరమును నడుమ అమర్చుకొనవలెను.

మేమట్లే చేసితిమి. ఆ పిల్లల ప్రోగ్రాములు మరల తెరపై వెలిగినవి.