తోటకూర బొబ్బర్లు: మావయ్య గిన్నె ఎందుకు వేరంటే

ఈరోజు మా రావివలస నుంచి మాట్లాడుతున్నాను. టెక్కలి దగ్గర, ఎండల మల్లికార్జునుడి గుడి ఉంది కదా, ఆ ఊరే. వంట వచ్చేసి తోటకూర బొబ్బర్లు. కొందరు అలసందలు అంటారు, రెండూ ఒకటే.

ముందు మామూలు పద్ధతి చెప్పేస్తా. కప్పు బొబ్బర్లు రాత్రే నానబెట్టండి. పొద్దున్న కుక్కర్లో మెత్తగా ఉడికించండి. ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, దంచిన వెల్లుల్లితో పోపు పెట్టి, ఉల్లిపాయ వేయించి, తరిగిన తోటకూర రెండు కట్టలు వేయండి. ఆకు మగ్గాక బొబ్బర్లు, ఉప్పు, పసుపు. అంతే! వేడన్నంలో చాలా బాగుంటుంది.

ఇప్పుడు అసలు సంగతి. మా మావయ్యది ఉద్దానం. కిడ్నీ జబ్బు, డయాలసిస్ జరుగుతోంది. ఓసారి ఇంటికొస్తే అమ్మమ్మ ఇదే కూర గిన్నెడు వడ్డించింది. "ఆకుకూరే కదరా, బలం, తిను" అంది. మావయ్య కంచం పక్కకి జరిపాడు. అమ్మమ్మ కళ్లలో నీళ్లు.

తప్పు ఇద్దరిదీ కాదండి. ఆకుకూరల్లో, పప్పుగింజల్లో పొటాషియం ఎక్కువ. మనకైతే మంచిదే, ఎక్కువైంది కిడ్నీలు బయటికి పంపేస్తాయి. అవి పనిచేయకపోతే అది రక్తంలో పేరుకుపోయి గుండె లయ తప్పుతుంది. ప్రాణం మీదికే రావచ్చు. కొబ్బరినీళ్లతో కూడా అదే ప్రమాదం. కొబ్బరితోటల ఉద్దానంలో ఈ మాట ఎంత కష్టమో చూడండి!

అందుకే ఇప్పుడు మావయ్యకి వేరే గిన్నె. బొబ్బర్లు నానిన నీళ్లు పారబోస్తాం, ఎక్కువ నీళ్లలో ఉడికించి ఆ నీళ్లూ వంచేస్తాం. తోటకూర సన్నగా తరిగి, ఉడికించి, వార్చి, అప్పుడు పోపు. ఇలా చేస్తే పొటాషియం తగ్గుతుంది, మొత్తం పోదు. కాబట్టి ఎంత తినాలో, అసలు తినొచ్చో లేదో రక్తపరీక్ష చూసి డాక్టరే చెప్పాలి. మావయ్యకి వారానికోసారి రెండు చెంచాలు అన్నారు. ఉప్పు తగ్గించమన్నారని లో సోడియం ఉప్పు కొనేయకండి, చాలావాటిలో పొటాషియమే ఉంటుంది.

2023 డిసెంబర్లో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం మొదలయ్యాయి. చికిత్స అక్కడ జరుగుతుంది. పథ్యం మాత్రం మన వంటింట్లోనే.

ఆ రెండు చెంచాలూ అమ్మమ్మే వడ్డిస్తుంది. మావయ్య వేలు నాకి మరీ తింటాడు. మీ ఇంట్లో కిడ్నీ పేషెంట్ ఉంటే, వండే మనిషికి ఈ వీడియో చూపించండి. మళ్లీ కలుద్దాం, ఉంటాను!