ఆట ఆయనది, ఖాతా ఆమెది

(మహిళా సంఘాల కార్యకర్తల శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఆన్‌లైన్ జూదం మీద వచ్చిన చట్టాల గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. పేకాట చెడ్డదని చెప్పడానికి మనమిక్కడ కూర్చోలేదు. ఆ మాట మన ఇళ్లలో అమ్మలూ అమ్మమ్మలూ చెబుతూనే ఉన్నారు. నేను మాట్లాడదలచుకున్నది డబ్బు గురించి. ఆటలోకి డబ్బు ఏ దారిన పోతుంది, ఏ దారిన తిరిగి వస్తుంది, చట్టం మారినప్పుడల్లా ఆ దారి ఎటు మళ్లుతుంది, చివరికి ఎవరి మెడకు చుట్టుకుంటుంది అన్నది మనం తెలుసుకోవాలి.

ముందు ఒక సంగతి చెబుతాను. కొన్నాళ్ల క్రితం మా సంఘం దగ్గరికి ఒకామె వచ్చింది. కుట్టుమిషను మీద బతుకుతున్న మనిషి, పొదుపు సంఘంలో సభ్యురాలు. సంఘం లోను డబ్బు ఖాతాలో పడిన రెండో రోజే ఆమె ఖాతా ఫ్రీజ్ అయింది. బ్యాంకుకు పోతే "వేరే రాష్ట్రం పోలీసులు ఆపమన్నారమ్మా, మా చేతుల్లో ఏమీ లేదు" అన్నారు. తీరా విచారిస్తే ఆమె ఏటీఎం కార్డూ, ఆమె పేరున తీసిన సిమ్మూ ఏడాదిగా భర్త దగ్గరున్నాయి. ఆయన ఫోన్లో పోకర్ ఆడతాడు. ఆ ఖాతాలోకి ఎవరెవరో డబ్బులు వేశారు, అందులోంచి ఎవరెవరికో పోయాయి. ఆమె ఒక్క ముక్క కూడా ముట్టుకోలేదు. లోను వాయిదాలు మాత్రం ఆగవు కదా. రెండు నెలలు మిగతా సభ్యులే తలా కొంత వేసి కట్టారు. ఒకరి ఇంట్లో ఆట పది ఇళ్ల మీద పడింది.

ఇది ఒక చెడ్డ భర్త కథ మాత్రమే కాదు. చట్టాలు వచ్చిన వరస చూస్తే మీకే తెలుస్తుంది.

1968లో సికింద్రాబాదులోని ఒక క్లబ్బు కేసులో సుప్రీంకోర్టు, రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో ఆడే ఆట అని చెప్పింది. ఫోన్లలో పేకాట నడిపిన కంపెనీలు చాలాకాలం ఈ తీర్పు నీడలోనే వ్యాపారం చేసుకున్నాయి. పోకర్ విషయం మాత్రం తేలలేదు. 2017లో గుజరాత్ హైకోర్టు అది జూదమే అంది. 2023లో మద్రాసు హైకోర్టు రమ్మీ, పోకర్ రెండూ నైపుణ్యపు ఆటలేనంది. కోర్టుకో మాటగా సాగుతుండగానే తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ 1974 నాటి చట్టాలను సవరించి డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించాయి. ఆంధ్రప్రదేశ్ సవరణ ఆడినవాళ్లకు కూడా ఆరు నెలల దాకా జైలు పెట్టింది.

మరి ఆట ఆగిందా? ఫోను ఎక్కడుందో చూసి కంపెనీలు మన రెండు రాష్ట్రాల వాళ్లను ఆపడం మొదలుపెట్టాయి. ఆడేవాళ్లు ఫోను వేరే ఊళ్లో ఉన్నట్టు చూపించే ఉపాయాలు వెతికారు. బెంగుళూరులో ఉన్న తమ్ముడి పేరున, పుట్టింటి అడ్రసుతో ఉన్న భార్య ఆధార్, పాన్ కార్డుల మీద ఆట ఖాతాలు తెరిచారు. గెలిచిన డబ్బు బయటికి రావాలంటే ఆట ఖాతా ఎవరి పేరున ఉందో వారి బ్యాంకు ఖాతాలోకే రావాలి. అలా ఆడవాళ్ల బ్యాంకు ఖాతాలు ఈ దారిలోకి వచ్చి చేరాయి.

తర్వాత పన్నులు వచ్చాయి. 2023 ఏప్రిల్ నుంచి, గెలిచిన సొమ్ము తీసుకునేటప్పుడు నికర గెలుపు మీద 30 శాతం పన్ను పట్టుకోవడం మొదలైంది. అదే ఏడాది అక్టోబరు నుంచి, ఆటలో వేసిన మొత్తం మీద 28 శాతం జీఎస్టీ పెట్టారు. వెయ్యి రూపాయలు వేస్తే రెండు వందల పైన పన్నుకే పోయింది. ఇక్కడ మనం గమనించవలసింది ఒకటుంది. పన్ను ఎవరి పాన్ కార్డు మీద కోస్తే ఆదాయం కూడా వారిదిగానే లెక్కలో పడుతుంది. రేపు నోటీసు వస్తే, రూపాయి కూడా చూడని భార్య పేరునే వస్తుంది.

2025 ఆగస్టులో పార్లమెంటు కొత్త చట్టం చేసింది. నైపుణ్యమా, అదృష్టమా అన్న పాత తగాదాను పక్కన పెట్టి, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధించింది. ఈ ఆటల వల్ల ఏటా 45 కోట్ల మంది సుమారు 20 వేల కోట్ల రూపాయలు నష్టపోతున్నారని ప్రభుత్వమే అంచనా చెప్పింది. ఆట నడిపేవారికి మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ఆడేవారికి ఈ చట్టంలో శిక్ష లేదు, వారిని బాధితులుగానే చూస్తామన్నారు. ఇంతవరకు బాగానే ఉంది.

కానీ ఏడో సెక్షను చూడండి. ఈ ఆటలకు డబ్బు చెల్లింపు జరగడానికి బ్యాంకులే కాదు, మరే వ్యక్తీ తోడ్పడకూడదని అందులో ఉంది. దానికీ మూడేళ్ల దాకా జైలు, కోటి దాకా జరిమానా. వారంటు లేకుండా అరెస్టు చేయవచ్చు, బెయిలు హక్కుగా రాదు. పెద్ద పెద్ద దళారులను పట్టుకోవడానికే ఇది పెట్టి ఉండవచ్చు. అయితే తన కార్డు, సిమ్ము ఇంట్లో మనిషి చేతికిచ్చిన ఆడమనిషిని ఈ మాటల కిందికి తేవడం పోలీసులకు కష్టమేమీ కాదు. ఆడినవాడు బాధితుడు, ఖాతా ఉన్నామె నిందితురాలు! మనల్ని ఎక్కువ భయపెట్టవలసింది ఇదే.

చట్టం వచ్చాక పేరున్న కంపెనీలు డబ్బు ఆటలు ఆపేసి, మిగిలిన సొమ్ము వెనక్కి తీసుకోమన్నాయి. ఆట అక్కడితో ఆగిపోలేదు. విదేశాల నుంచి నడిచే సైట్లున్నాయి. పోకర్‌లో అయితే ఇంకో పద్ధతి ఉంది. ఫోన్లో ఉత్త చిప్సులతో ఆడినట్టే కనబడుతుంది. ఆ చిప్సు అమ్మేవాడు, గెలిస్తే డబ్బిచ్చేవాడు బయట ఒక ఏజెంటు. అతను తన ఖాతా వాడడు. ఇవాళ ఒకరి ఖాతా, రేపు ఇంకొకరిది. "నీ ఖాతా ఇస్తే నెలకింత ఇస్తా" అంటాడు. ఆ దారిలోనే మోసాల డబ్బు కూడా నడుస్తుంది. ఎక్కడో ఎవరో 1930కి ఫోను చేసి ఫిర్యాదు చేస్తే, ఆ డబ్బు నడిచిన ఖాతాలు వరసగా ఆగిపోతాయి.

ఇది మన దేశంలోనే జరిగింది కాదు. అమెరికా 2006లో ఆడేవాళ్లను వదిలి, ఆన్‌లైన్ జూదానికి డబ్బు చేరే దారిని మూసే చట్టం చేసింది. పోకర్ కంపెనీల దళారులు ఆ చెల్లింపులను నగలు, గోల్ఫ్ బంతులు కొన్నట్టు చూపి బ్యాంకులను మోసగించారని 2011 ఏప్రిల్‌లో అక్కడి ప్రభుత్వం కేసులు పెట్టి సైట్లను స్వాధీనం చేసుకుంది. అప్పటికి ఫుల్ టిల్ట్ అనే కంపెనీ ఆటగాళ్లకు ఇవ్వవలసింది సుమారు 39 కోట్ల డాలర్లు, బ్యాంకులో ఉన్నది 6 కోట్లు. అమెరికా ఆటగాళ్లకు సొమ్ము చేతికి రావడం 2014లో గాని మొదలు కాలేదు. చాటుదారిన నడిచిన డబ్బుకు ఏ రక్షణా ఉండదు.

సారా ఉద్యమం మనకు గుర్తుంది. దూబగుంట ఆడవాళ్లు మొదలుపెట్టిన పోరాటంతో 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. అప్పుడు దుకాణం ఎక్కడుందో మనకు తెలుసు, వెళ్లి మూయించాం. ఈ దుకాణం ఆయన జేబులో ఉంది, గల్లాపెట్టె మాత్రం మన పేరున ఉంది. అందుకని మన పని గల్లాపెట్టె దగ్గరే మొదలు కావాలి.

చేయవలసినవి చెబుతాను.

ఒకటి. పొదుపు సంఘం సమావేశాల్లో ప్రతి సభ్యురాలి ఏటీఎం కార్డు ఎవరి దగ్గరుంది, ఖాతాకు ఎవరి ఫోను నంబరు పెట్టారు అని అడగాలి. కార్డు భర్త దగ్గర ఉన్నదంటే ఆమెను తప్పు పట్టకండి. బ్యాంకుకు తోడు వెళ్లి నంబరు, పిన్ను మార్పించండి.

రెండు. ఖాతా ఫ్రీజ్ అయితే ఏ స్టేషను, ఏ ఫిర్యాదు నంబరు, ఎంత మొత్తం అన్నది బ్యాంకును రాతపూర్వకంగా అడగాలి. పోలీసులు ఖాతా ఆపితే ఆ సంగతి మేజిస్ట్రేటుకు తెలియజేయాలి. తగాదాలో ఉన్న మొత్తాన్ని మాత్రమే ఆపి మిగతాది విడుదల చేయమని కోర్టును అడగవచ్చు. ఆదాయంతో పని లేకుండా స్త్రీలందరికీ న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇవ్వాలి. మేము చెప్పిన ఆమెకు ఇలాగే లోను సొమ్ము విడుదలయింది. కేసు మాత్రం ఇంకా నడుస్తోంది.

మూడు. భర్త చేసిన అప్పుకు, తను సంతకం పెట్టకపోతే, భార్య బాధ్యురాలు కాదు. నగలు ఆమె స్త్రీధనం, ఆమె సొంతమేనని సుప్రీంకోర్టు 1985లోనే చెప్పింది. ఆటకోసం వాటిని తాకట్టు పెట్టడం 2005 గృహహింస చట్టం ప్రకారం ఆర్థిక హింస. ఆస్తులు అమ్మకుండా, బ్యాంకు ఖాతాలు వాడకుండా భర్తను ఆపే ఉత్తర్వు 18వ సెక్షను కింద కోరవచ్చు. ఆయన జైలుకు పోతాడేమో అన్న భయంతో పోలీసు స్టేషను గడప తొక్కని ఆడవాళ్లకు ఈ దారి చెప్పండి.

నాలుగోది ప్రభుత్వాన్ని అడగవలసింది. ఇంట్లో ఒత్తిడికి లొంగి, తెలియక ఖాతా ఇచ్చిన స్త్రీని దళారీతో సమానంగా చూడకూడదు. ఆడినవారిని బాధితులన్న ప్రభుత్వం ఆమెను కూడా బాధితురాలిగానే గుర్తించాలి.

బ్యాంకు ఖాతా మనకు ఊరికే రాలేదు. పొదుపు సంఘాల్లో రూపాయి రూపాయి కూడబెట్టి తెచ్చుకున్నాం. మన పాసుపుస్తకం మన పేరునే కాదు, మన చేతిలోనూ ఉండాలి. ఈ వారం మీ మీ ఊళ్లకు వెళ్లాక మొదటి సమావేశంలో ఆ ఒక్క ప్రశ్న అడగండి: నీ కార్డు ఎవరి దగ్గరుంది, అక్కా?