దాచేపల్లి మిరపయు దేశముల బేరమును

నాగులేటి యొడ్డున నున్న దాచేపల్లి పేరు చెప్పగానే పలువురకు సున్నపు బట్టీలును, నడికుడి రైలు కూడలియు జ్ఞప్తికి వచ్చును. కాని ఫాల్గుణ చైత్రములలో ఆ ప్రాంతమునకు పోయినవారికి ముందుగా తగులునది మిరప ఘాటు. కల్లములలో ఎండబోసిన కాయను కూలివాండ్రు తిరుగబోయుచుందురు. తాలుకాయను వేఱుచేసి, మేలుకాయను టిక్కీలకు తొక్కుదురు. అట్టి కల్లమొకదానిలో మేమొక రైతును, కాయను గుంటూరు యార్డునకు ఎప్పుడు తోలెదరని అడిగితిమి. "ముందు చైనావాళ్ళు కొంటున్నారో లేదో కనుక్కోవాలండి. వాళ్ళు దిగకపోతే కోల్డు స్టోరేజీలో పెట్టుకోవడమే" అని ఆయన బదులు చెప్పెను. రెండు దేశముల నడుమ జరుగు వ్యాపారమును గూర్చి ప్రసంగింపబూనిన మాకు ఇంతకు మించిన ప్రారంభము దొరకలేదు.

ఈ విషయమును బోధించు అర్థశాస్త్ర గ్రంథములన్నియు ఇంగ్లండు, పోర్చుగలు దేశములతో మొదలుపెట్టును. 1703లో ఆ రెండు దేశములును ఒక ఒడంబడిక చేసికొన్నవి. ఇంగ్లండు ఉన్నిబట్టలను పోర్చుగలు రానిచ్చుటకును, పోర్చుగలు ద్రాక్షసారాయముపై ఫ్రెంచి సారాయముకన్న మూడవవంతు తక్కువ సుంకము వేయుటకును సమ్మతి కుదిరెను. 1817లో రికార్డో పండితుడు ఆ బట్టలను, ఆ సారాయమునే ఉదాహరణముగా గైకొని, ఏ దేశము తనకు అన్నిటికన్న మేలుగా చేతనైన సరకును చేసి మార్చుకొన్నచో ఇద్దరికిని లాభమే యని నిరూపించెను. ఆయన లెక్కలో తప్పు లేదు. అయితే ఆ లెక్కలో ద్రాక్షతోట రైతు కనబడడు. పోర్చుగలు అమ్మినదానికన్న కొన్నదే హెచ్చు కాగా, ఆ తరుగును బ్రెజిలు గనుల బంగారముతో పూడ్చుకొనెను.

ఆ పోర్చుగీసువారే అమెరికా ఖండమునుండి మిరపను మన దేశమునకు తెచ్చిరి. ఐదువందల యేండ్లకు పూర్వము మన పూర్వులు కారమునకు మిరియములనే వాడుకొనెడివారు. గోంగూర పచ్చడి ఎండుమిరప లేక ఎట్లుండెనో ఊహించుట మాకు శక్యము కాకున్నది!

ఇక ఈ బేరమును లెక్క వ్రాయుట యెట్లో చూతము. గుంటూరు యార్డులో కొన్న కాయ లారీలలో మద్రాసు రేవు చేరి ఓడ యెక్కును. మన దేశపు పద్దులో దానికి ఓడ యెక్కువరకు గల వెలను మాత్రమే వ్రాయుదురు. అదే సరకు చైనా రేవులో దిగునప్పుడు ఓడకూలి, భీమా రుసుము కలిపి వ్రాయుదురు. సరకొక్కటే యైనను పద్దులు రెండును సరిపోలవు. అదియునుగాక 2010 దశాబ్దిలో మన మిరప విశేషముగా వియత్నామునకు పోయినట్లు లెక్కలలో నుండెను. అందు చాలభాగము చైనాకే చేరుచున్నదని వ్యాపారులు చెప్పుకొనెడివారు. కావున రెండు దేశముల వ్యాపారపు అంకెలను చూచునప్పుడు నడుమ మూడవ దేశ మేదైన నున్నదాయని విచారించుట మంచిది.

పైని చెప్పిన ఓడకూలియు, భీమాయు సరకులు కావు, సేవలు. కంటికి కనబడకున్నను వానికిని వెల కలదు. పురుగుమందు శేషములను, బూజువిషమును పరీక్షించి యిచ్చు పత్రమును గూడ ఈ కోవలోనే చేర్చవలెను. పత్రము సరిగా లేనిచో కాయ యెంత యెఱ్ఱగా నున్నను రేవు దాటదు. మన దేశము కంప్యూటరు పనివంటి సేవలను అమ్మి చాల ధనము గడించుచున్నది. దాచేపల్లి రైతుబిడ్డ హైదరాబాదులో కూర్చుండి విదేశపు సంస్థకు పనిచేసినచో అదియు ఎగుమతియే. తండ్రి పంపునది సరకు, కుమారుడు పంపునది సేవ.

చైనావారికి ముఖ్యముగా కావలసినది తేజ రకము. దాని ఘాటు హెచ్చు. కాయనుండి సారము తీసి ఆహారపదార్థములలోను, రంగులకును వాడుదురు. 2023–24లో మన దేశపు మిరప ఎగుమతి సుమారు 150 కోట్ల డాలర్లు కాగా, అందులో ఇంచుమించు మూడవవంతు చైనాకే పోయెను. మొత్తము వ్యాపారము చూచినచో త్రాసు వేఱువిధముగా మ్రొగ్గును. 2024–25లో మన మా దేశమునుండి కొన్నది, అమ్మినదానికన్న సుమారు 9,900 కోట్ల డాలర్లు అధికము. ఆ పెద్ద తరుగులో మన మిరప చిన్న బిందువు. దానికొఱకు ఢిల్లీలోగాని బీజింగులోగాని ఎవరును నిద్ర మానుకొనరు. మానుకొనువాడు కల్లముదగ్గఱ నున్నవాడే.

ఒక్క బేరగానిని నమ్ముకొనుటలోని చిక్కును గుంటూరుసీమ ఇదివఱకే యెఱుగును. 1953 డిసెంబరులో సోవియట్ యూనియనుతో మన దేశము వ్యాపార ఒడంబడిక చేసికొన్నది. చెల్లింపులు రూపాయలలో జరిగెడివి. వారు యంత్రములను, నూనెను పంపగా, మనము తేయాకు, తోళ్ళు, గుంటూరు పొగాకు పంపితిమి. డాలరు కొఱకు వెదకనక్కఱలేని ఈ యేర్పాటు మన పొగాకు రైతునకు ఏండ్లకొలది ఆసరా యయ్యెను. 1991లో ఆ రాజ్యమే లేకపోయెను. 2022లో శ్రీలంకకు డాలర్లు కఱవైనప్పుడు మన మిరపకు చిరకాలపు బేరమైన ఆ దేశము దిగుమతులనే కట్టుబెట్టుకొనవలసి వచ్చెను. రెండుచోట్లను రైతు చేసిన తప్పేమియు లేదు.

మిరపధర యెట్లు పరుగెత్తి పడిపోయెనో పల్నాటివారికి చెప్పనక్కఱలేదు. 2021–22లో నల్లతామర పురుగు పంటను పాడుచేసెను. 2023లో క్వింటాలు ఇరువదివేలు దాటిన తేజ, 2025 ఫిబ్రవరినాటికి పండ్రెండువేలకు దిగువ పలికెను. శీతల గిడ్డంగులలో పాతకాయ నిండియుండుటయు, ఎగుమతి మందగించుటయు అందులకు కారణములు. అప్పుడు కేంద్రప్రభుత్వము క్వింటాలునకు 11,781 రూపాయలు కనీసధరగా ప్రకటించి, 2 లక్షల 91 వేల టన్నులకు వర్తింపజేసెను. కోతకూలి, మందుల ఖర్చు, కౌలు లెక్కించుకొన్నవారికి ఆ ధర చాలలేదను మాట ఊరూర వినబడెను. ధర పడినప్పుడు ఆదుకొనుట యవసరమే. కాని బంగ్లాదేశము, థాయిలాండు, ఇండోనేషియా, మలయా వంటి కొనుగోలుదారులను పెంచుకొనుటయు, మనమే ఇచ్చట సారము తీసి అమ్ముటయు అంతకంటె ముందు జరుగవలసిన పనియని మా అభిప్రాయము. ఎడ్లపాడు వద్ద వెలసిన సుగంధద్రవ్యముల పార్కు ఇట్టి ఆలోచనతో పుట్టినదే.

మేము తిరిగి వచ్చునాటికి దాచేపల్లి రైతు సగము కాయను యార్డునకు తోలి, సగము గిడ్డంగిలో దాచెను. గిడ్డంగి బాడుగ, బ్యాంకు వడ్డీ, కాయ తరుగు కలిపి నెలకెంతయగునో ఒక కాగితముపై వేసి మాకు చూపెను. ఆ కాగితము క్రింద ఎఱ్ఱసిరాతో "చైనా?" అని వ్రాసి యున్నది.