వేలమునఁ బోవు ఓటు
(కొత్తపేట పౌరులనుద్దేశించి చేసిన ప్రసంగము)



శాసనసభ యెన్నికలు వచ్చినప్పుడు మన కొత్తపేట నియోజకవర్గమున ఉత్సాహమునకు కొదువ లేదు. దూరదేశములకు పనులకై పోయినవారు సయితము ఊరు చేరి ఓటు వేయుదురు. 2024 మే 13వ తేదీన మన రాష్ట్రమున నూటికి ఎనుబదిమందికి పైగా ఓటు చేసిరి. ఇది గర్వింపదగినదే. కాని మన వీథిలోని మురుగును, త్రాగునీటిని, దీపములను చూడవలసిన పంచాయతీ యెన్నిక వచ్చుసరికి, "ఏకగ్రీవము చేసికొందము" అను మాట నలుగురు పెద్దల అరుగుమీదఁ బుట్టి ఊరెల్ల వ్యాపించును. నేడు నేను మనవి చేయునది ఆ మాటను గూర్చియే.

యోగ్యుడొకడు నిలిచి, అతనితో పోటీపడు కోరిక ఎవ్వరికిని లేకున్న, ఏకగ్రీవము ఊరికి భూషణమే. వ్యయము తగ్గును; కక్షలు తగ్గును. 2021 పంచాయతీ ఎన్నికలకు ముందు రాష్ట్రప్రభుత్వము ఏకగ్రీవ గ్రామములకు జనాభాను బట్టి 5 లక్షలు మొదలు 20 లక్షల రూపాయల వఱకు ప్రోత్సాహకము ప్రకటించెను. అయితే పలుచోట్ల జరుగుచున్నదేమి? గుడికింత, బడికింత యని సర్పంచి పదవిని పాట పెట్టుచున్నారు. హెచ్చుపాట పాడినవాడే సర్పంచి. రిజర్వు స్థానమైనచో తమ మాట జవదాటని వారిని వెదకి నిలుపుచున్నారు. గుడి కట్టుట పుణ్యకార్యమే. కాని పరుల సొత్తు నమ్మి కట్టుట ఏ ధర్మము? పదవి కొన్నవాడు పెట్టుబడి రాబట్టుకొనక యూరకుండునా?

పూర్వచరిత్రను కొంచెము స్మరింపుడు. 1937లో చెన్నపురి రాజధాని శాసనసభకు ఎన్నికలు జరిగినప్పుడు ఆస్తి, పన్ను, చదువు ఉన్నవారికే ప్రధానముగా ఓటుండెను. కూలివారిలో అత్యధికులకు లేకపోయెను. స్వతంత్ర భారతమున 1951–52 ఎన్నికలలో తొలిసారిగా వయోజనులందఱికిని ఓటుహక్కు కలిగెను. ధనికునకును దరిద్రునకును ఒకటే ఓటు. పాటలో పదవి పోయినచో, రాజ్యాంగము వాకిట వెడలగొట్టిన ధనాధికారము దొడ్డిదారిని మరల ఇల్లు చొచ్చినట్లే కదా!

నా యొక్క ఓటుచే నేమగునని కొందఱందురు. 1989లో అనకాపల్లి లోకసభ స్థానమున కొణతాల రామకృష్ణగారు 9 ఓట్ల ఆధిక్యముననే గెలిచిరి. అన్ని లక్షల ఓట్లలో తొమ్మిదింటికి అంత బలమున్నప్పుడు, కొన్ని వందల ఓట్ల వార్డులో ఒక్కదాని విలువ చెప్పనేల?

కావున కర్తవ్యమేమి? జాబితాలో మీ పేరున్నదో లేదో ముందే చూచుకొనుడు. నామినేషనులకు ముందే అభ్యర్థులను బహిరంగముగా ప్రశ్నింపుడు. పోటీ విరమించుటకు సొమ్మిచ్చుటయు, పుచ్చుకొనుటయు చట్టరీత్యా లంచమేయని ఇరుగుపొరుగులకు తెలుపుడు. బెదిరింపు కనిపించినచో ఎన్నికల అధికారికి వ్రాసి యిండు. ఎన్నిక ముగిసిన పిదప గ్రామసభకు వెళ్లి లెక్కలడుగుడు. ఓటరు జాబితాలో పేరున్న ప్రతివాడును గ్రామసభలో సభ్యుడే.

ఏకగ్రీవము కావలెనన్న కానిండు. కాని ఆ నిర్ణయమునకు ముందు, అరుగు ఎక్కుటకు సాహసింపని కూలివారిని, గడప దాటి వచ్చి మాటాడని ఇల్లాండ్రను మీ సమ్మతి యున్నదా యని అడుగుడు. వారు లేదన్ననాడు ఊరిలో పోలింగు జరుగవలసినదే.