కోకో గింజకు రుచి ఎక్కడ పుడుతుంది?
(అనంతపురంలో సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సభ్యులొకరు ఏలూరు దగ్గర అల్లుడిగారి తోట నుండి ఎండు కోకో గింజలు తెచ్చి శెనక్కాయ పప్పులా వేయించారు. "ఒకటే చేదు, వగరు. చాక్లెట్ వాసనే లేదు, ఎందుకని?" అని నన్నడిగారు. వేయించని గింజ ఒకటి కోసి చూస్తే లోపల బూడిదరంగు. పులియబెట్టకుండా ఎండబెట్టారన్నమాట.

శెనక్కాయ పప్పు ముదిరేసరికే కమ్మదనానికి కావలసిన సరుకంతా అందులో ఉంటుంది. ముదరక ముడుచుకుపోతే ఎంత వేయించినా ఆ రుచి రాదని కరువులు చూసిన మనకు తెలుసు. కోకో అలా కాదు. కాయలోని గుజ్జుతో సహా గింజలను పెట్టెల్లో పోసి, మధ్యమధ్య తిరగేస్తూ 5, 6 రోజులు పులియబెట్టాలి. వేడి 45 డిగ్రీలు దాటుతుంది. పుట్టిన ఆమ్లం గింజలోకి దిగుతుంది. లోపలి ఎంజైములు మాంసకృత్తులను అమైనో ఆమ్లాలుగా విడగొడతాయి, వగరు తగ్గుతుంది. వేయించినప్పుడు చాక్లెట్ వాసనగా మారేది ఇవే.

మరి పులియని గింజ వృథాయేనా? కాదు. స్విట్జర్లాండు శాస్త్రజ్ఞులు 2022లో ప్రకటించిన పద్ధతిలో, పులియని ఎండు గింజల పలుకులను లాక్టిక్ ఆమ్లం, ఆల్కహాలు కలిపిన నీటితో తడిపి వెచ్చగా ఉంచి, ఆరబెట్టి వేయిస్తారు. నిద్రపోతున్న ఎంజైములు మేల్కొంటాయి. అయితే ముందే ఎక్కువ వేడిలో ఎండబెట్టి ఉంటే అవి చచ్చిపోతాయి. క్షారంతో శుద్ధి చేయడం మరో పద్ధతి. దానివల్ల రంగు ముదురుతుంది, ఘాటు తగ్గుతుంది, కానీ లేని వాసన రాదు. ఇవి ఫ్యాక్టరీ పనులు, ఇంట్లో చేసేవి కావు.

రైతుకు సులువైన మార్గం మొదటే పులియబెట్టడం. నాలుగు కాయల గింజలకు వేడి నిలవదు. ఇరుగుపొరుగు రైతులు కలిసి ఒకే పెట్టెలో పోసుకోవాలి. ఏలూరు జిల్లా తాడికలపూడిలో రైతుల పచ్చిగింజలను ఒకేచోట పులియబెట్టే కేంద్రం నడుస్తోంది.

2024లో ప్రపంచ మార్కెట్టులో కోకో టన్ను 10,000 డాలర్లు దాటింది. 2025లో ధర పడిపోయి మన రాష్ట్ర రైతులు ఆందోళనకు దిగారు. ధర మన చేతిలో లేదు, నాణ్యత ఉంది. ఈ మాట ఆ అల్లుడిగారికి చేరవేయమని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.